సెంటీమీటర్ల తూకం

గర్భిణి స్కానింగ్ రిపోర్టు చివర్లో ఒక అంకె ఉంటుంది. ఇంట్లోవాళ్లు ముందుగా వెతికేది దాన్నే. ఉదాహరణకి 'బిడ్డ అంచనా బరువు 2620 గ్రాములు' అని ఉందనుకోండి. పక్కనే చిన్న అక్షరాల్లో '383 గ్రాములు అటూ ఇటూ' అని కూడా ఉంటుంది. దాన్ని దాదాపు ఎవరూ చదవరు. ఈ అధ్యాయంలో ఎక్కువ భాగం ఆ రెండో అంకె గురించే. ఛత్తీస్‌గఢ్‌లోని దక్షిణ బస్తర్ అడవుల్లో, రోడ్డు ఆగిపోయే ఊళ్లలో, ఆ అంకెని సరిగ్గా చదవడం మీద ఒక్కోసారి ప్రాణం ఆధారపడుతుంది.

గర్భంలో ఉన్న బిడ్డని ఏ యంత్రమూ తూచలేదు. అల్ట్రాసౌండ్ యంత్రానికి తెలిసింది దూరాలు కొలవడం ఒక్కటే. పొట్ట మీద జెల్లీ రాసి ఆనించే ప్రోబు సెకనుకి సుమారు 35 లక్షల సార్లు కంపించే ధ్వనిని లోపలికి పంపుతుంది. మన చెవికి 20 వేల కంపనాలు దాటితే ఏమీ వినపడదు. మెత్తటి కణజాలంలో ఈ ధ్వని సెకనుకి 1540 మీటర్ల వేగంతో పోతుంది. ఉమ్మనీటి నుంచి చర్మానికి, కండ నుంచి ఎముకకి మారే ప్రతి సరిహద్దు దగ్గరా కొంత ధ్వని వెనక్కి తిరుగుతుంది. ఒక సెంటీమీటరు లోతుకి పోయి తిరిగి రావడానికి సెకనులో పది లక్షల వంతులు పదమూడు పడతాయి. ఆ ఆలస్యాన్ని లెక్కగట్టి యంత్రం తెర మీద చుక్కలు పెడుతుంది. చుక్కలు కలిసి బొమ్మవుతాయి. ఎక్స్‌రేలా ఇందులో రేడియేషన్ లేదు.

ఈ విద్య వైద్యానికి వచ్చిన దారి విచిత్రమైనది. గ్లాస్గోలో ప్రసూతి వైద్య ఆచార్యుడు ఇయన్ డోనాల్డ్, 1955 జులైలో ఆపరేషన్ చేసి తీసిన కణితుల్ని కారులో వేసుకుని రెన్‌ఫ్రూలోని బాయిలర్ల ఫ్యాక్టరీకి వెళ్లాడు. ఉక్కు అతుకుల్లో పగుళ్లు కనిపెట్టడానికి అక్కడ ధ్వనితో పనిచేసే పరికరం ఉంది. గడ్డ కణితి నుంచీ నీటితిత్తి నుంచీ వచ్చే ప్రతిధ్వనులు వేర్వేరుగా ఉన్నాయని ఆ పరికరం మీదే తేలింది. డాక్టర్ జాన్ మెక్‌వికార్, ఇంజనీర్ టామ్ బ్రౌన్‌లతో కలిసి ఆయన 1958లో 'లాన్సెట్' పత్రికలో వ్యాసం వేశాడు. ఇవాళ మండల కేంద్రాల్లో కూడా కనిపించే స్కానింగ్ బోర్డుల వెనక ఆ ఫ్యాక్టరీ పరికరం ఉంది.

బొమ్మ నుంచి బరువుకి రావడానికి ఇంకో పదిహేడేళ్లు పట్టింది. మొదట్లో తల వెడల్పు కొలిచి బరువు చెప్పబోయారు, కుదరలేదు. తిండి చాలని బిడ్డ కూడా తలని కాపాడుకుంటుంది. మాయ నుంచి వచ్చే రక్తం తగ్గినప్పుడు బిడ్డ శరీరం ఉన్నదాంట్లో ఎక్కువ వాటా మెదడుకి మళ్లిస్తుంది. ముందుగా నష్టపోయేది కాలేయం. గర్భస్థ శిశువు పొట్టలో అధిక భాగం కాలేయమే. చక్కెర నిల్వలు ఉండేదీ అక్కడే. నిల్వ కరిగితే పొట్ట చుట్టుకొలత తగ్గుతుంది. 1975లో స్టూవర్ట్ క్యాంప్‌బెల్, విల్కిన్ కలిసి పొట్ట చుట్టుకొలత నుంచే బరువు కట్టే పద్ధతి ప్రచురించారు. తమ అంచనా ఎంత తప్పొచ్చో కూడా వాళ్లే దాచకుండా రాశారు: కిలో బిడ్డల్లో నూటికి 95 మంది అసలు బరువు అంచనాకి 160 గ్రాముల లోపు తేడాతో ఉంది, నాలుగు కిలోల బిడ్డల్లో ఆ తేడా 590 గ్రాముల దాకా పోయింది. ఆ తర్వాత యంత్రాలు ఎంతో మారాయి. ఈ తేడా మాత్రం ఆశ్చర్యం కలిగించేంత తక్కువగానే తగ్గింది.

ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువ యంత్రాల్లో ఉన్నది అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో ఫ్రాంక్ హాడ్‌లాక్ బృందం 1985లో ఇచ్చిన సూత్రం. తల వెడల్పు, తల చుట్టుకొలత, పొట్ట చుట్టుకొలత, తొడ ఎముక పొడవు అనే నాలుగు కొలతలు అందులోకి పోతాయి. లెక్క చేసి చూద్దాం. తల వెడల్పు 9 సెంటీమీటర్లు, తల చుట్టు 32, పొట్ట చుట్టు 31, తొడ ఎముక 6.8 అయితే సూత్రం 2620 గ్రాములు చెబుతుంది. మిగతావన్నీ అలాగే ఉంచి పొట్ట చుట్టు 30 సెంటీమీటర్లే అనండి, బరువు 2495కి పడిపోతుంది. చుట్టుకొలతలో ఒక సెంటీమీటరు తేడా రావాలంటే అడ్డంగా మూడు మిల్లీమీటర్లు జరిగితే చాలు. బిడ్డ ఊపిరి కదలికలు చేస్తున్నా, వెన్ను అడ్డం తిరిగి ఉన్నా, ఉమ్మనీరు తక్కువై అంచులు మసకగా ఉన్నా, తెర మీద చుక్క పెట్టే చెయ్యి మూడు మిల్లీమీటర్లు జరగడం మామూలే. రెండున్నర కిలోల లోపు పుడితే తక్కువ బరువు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం. ఆ మూడు మిల్లీమీటర్లతోనే మన ఉదాహరణలోని బిడ్డ ఆ గీతకి ఇవతలి నుంచి అవతలికి వెళ్లిపోయింది.

బస్తర్ లాంటి చోట ఫారెస్టు వాళ్లకి ఇలా కొలతల నుంచి అంచనా కట్టే పని కొత్త కాదు. నిలబడి ఉన్న టేకు చెట్టులో ఎంత కలప ఉందో నరక్కుండానే చెబుతారు. మొదలు చుట్టు టేపు పెట్టి, ఎత్తు అంచనా కట్టి, పట్టీ తీసి చూస్తారు. గతంలో అలాంటి చెట్లని నరికి కొలిచి తయారుచేసిన పట్టీ అది. అందుకే ఒక అడవి పట్టీని ఇంకో అడవిలో వాడరు. నేల మారితే, వాన మారితే చెట్టు రూపు మారుతుంది. హాడ్‌లాక్ సూత్రం అలాంటి పట్టీయే. అది ఏ అడవిదో యంత్రం తెర మీద మాత్రం కనపడదు.

అదే బృందం 1991లో ఇచ్చిన పెరుగుదల పట్టిక, అంటే ఏ వారానికి ఎంత బరువుండాలో చెప్పేది, టెక్సస్‌లో 392 మంది గర్భిణుల్ని చూసి వేసింది. వాళ్లలో దాదాపు అందరూ మధ్యతరగతి తెల్లజాతి స్త్రీలు. ఆ పట్టిక ప్రకారం 40 వారాలకి మధ్యస్థ బరువు 3.6 కిలోలు. నూటికి పది మంది కింద ఉండే గీత మూడు కిలోల దగ్గరుంటుంది. మన దేశంలో నెలలు నిండి పుట్టే పిల్లల సగటు మూడు కిలోలకి కాస్త తక్కువే. అంటే ఆ పట్టిక పెట్టి చూస్తే మన పిల్లల్లో చాలామంది 'చిన్నవాళ్లు' అయిపోతారు. అంతమందికి ప్రమాద హెచ్చరిక ఇచ్చే పరీక్ష నిజంగా ప్రమాదంలో ఉన్నవాళ్లని వేరు చేయలేదు.

ఈ చిక్కుని విప్పడానికి రెండు పెద్ద ప్రయత్నాలు జరిగాయి. రెండింటిలోనూ భారతీయ తల్లులున్నారు. ఆక్స్‌ఫర్డ్ నడిపిన ఇంటర్‌గ్రోత్-21 అధ్యయనం ఎనిమిది దేశాల్లో జరిగింది. మన దేశం నుంచి అందులో ఉన్నది బస్తర్‌కి అంత దూరం కాని నాగ్‌పూర్. ఆరోగ్యంగా, మంచి తిండితో ఉన్న తల్లుల పిల్లలు ఏ దేశంలోనైనా గర్భంలో దాదాపు ఒకేలా పెరుగుతారని వాళ్లు తేల్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పది దేశాల్లో చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. దేశాల మధ్య కొంత తేడా ఉంటుందని అది చెప్పింది. ఇద్దరూ మంచి శాస్త్రజ్ఞులే, ఇద్దరూ జాగ్రత్తగానే కొలిచారు. ఈ వివాదం ఇంకా తెగలేదు. నాకైతే నాగ్‌పూర్ ఉన్న పట్టికే బస్తర్‌కి దగ్గర అనిపిస్తుంది. అయితే దాన్ని వాడేవాళ్లు ఒక మాట మరిచిపోకూడదు: ఆ పట్టికలోకి ఎంపిక చేసింది రక్తహీనత, జబ్బులు లేని తల్లుల్ని. బస్తర్ తల్లులు ఎలా ఉన్నారో అది చెప్పదు, వాళ్ల పిల్లలు ఎలా పెరగగలరో చెబుతుంది.

పుణె దగ్గర ఆరు గ్రామాల్లో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం చేసిన పని ఇక్కడ తలుచుకోవాలి. ఆ ఊళ్ల నవజాత శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, పోల్చి చూసిన ఇంగ్లండు సౌతాంప్టన్ పిల్లలు 3.5 కిలోలు. ఎముకా కండా పొట్టా అన్నీ చిన్నవే, పొట్ట మరీ చిన్నది. వీపు చర్మం కింద కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. సన్నగా కనిపిస్తూ లోపల కొవ్వు దాచుకున్న బిడ్డలు. పెద్దయ్యాక మన దేశంలో మధుమేహం ఎందుకింత ఎక్కువో అర్థం చేసుకోవడానికి ఈ పరిశీలన ఒక దారి తెరిచింది. మన విషయానికి వస్తే, హాడ్‌లాక్ సూత్రం ఎక్కువగా నమ్ముకునేది పొట్ట చుట్టుకొలతని. శరీరం పాళ్లే వేరైన పిల్లలకి ఆ సూత్రం అదే నికరంతో పనిచేస్తుందని ముందే అనుకోలేం.

ఇక బస్తర్‌కి వద్దాం. జగదల్‌పూర్ కేంద్రంగా ఏడు జిల్లాలు: బస్తర్, కొండగావ్, కాంకేర్, నారాయణపూర్, దంతెవాడ, బీజాపూర్, సుక్మా. గోండి, హల్బీ మాటలు. దక్షిణాన కుంట, భోపాలపట్నం వైపు తెలుగూ, దోర్ల వాళ్ల మాటా కలిసిపోతాయి. బిడ్డ బరువు తగ్గడానికి కారణాలు ఇక్కడ కొదవలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఛత్తీస్‌గఢ్ స్త్రీలలో నూటికి అరవై మంది రక్తహీనులు. ఈ ప్రాంతపు గిరిజనుల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది. మలేరియా ఉంది. ఫాల్సిపేరం మలేరియా క్రిమి పట్టిన ఎర్ర రక్తకణాలు మాయలో అతుక్కుని గుంపు కడతాయి. తల్లికి జ్వరం రాకపోయినా బిడ్డకి చేరే ఆహారం తగ్గుతుంది. జ్వరం లేనివాళ్లకి కూడా ఇంటింటా రక్తపరీక్ష చేసే 'మలేరియా ముక్త్ బస్తర్' కార్యక్రమం 2020లో మొదలవడానికి ఇలాంటి దాగిన మలేరియాయే కారణం. దోమతెరా ఐరన్ మాత్రా బిడ్డ బరువుని పెంచుతాయి. స్కానింగ్ బరువుని చెబుతుంది, అంతే. ఖర్చు ఏది ముందో నిర్ణయించేటప్పుడు ఈ తేడా గుర్తుండాలి.

ఇక్కడ అన్నిటికన్నా పెద్ద చిక్కు తేదీ. రెండు కిలోల అంచనా బరువంటే ఏమిటి? 33 వారాల బిడ్డ అయితే చక్కగా పెరుగుతున్నట్టు. 38 వారాల బిడ్డ అయితే మాయ ఆకలితో మాడ్చుతున్నట్టు. మొదటి తల్లిని ఇంటికి పంపాలి, రెండో తల్లిని ఆ రోజే పెద్దాసుపత్రికి పంపాలి. వారం తెలియకపోతే గ్రాములకి అర్థం లేదు. నెల తప్పిన తేదీని కేలెండరులో గుర్తు పెట్టుకునే అలవాటు లేని చోట, ఇప్పపూలు రాలే రోజుల్లో అనో తునికాకు కోతప్పుడు అనో సమాధానం వస్తుంది. ఇప్పపూలు మార్చి, ఏప్రిల్ నెలల్లో చాలా వారాల పాటు రాలతాయి. ఆ సమాధానం అబద్ధం కాదు, అందులోనే నెల తేడా ఇమిడి ఉంది.

తేదీ కూడా స్కానింగే చెబుతుంది కదా అంటారు. చెబుతుంది, మొదటి మూడు నెలల్లో వస్తే. అప్పుడు తల నుంచి పిర్రల దాకా బిడ్డ పొడవు కొలిస్తే వారం రోజుల లోపు తేడాతో వయసు తెలుస్తుంది. 1973లో గ్లాస్గోలోనే హ్యూ రాబిన్సన్ ఆ పద్ధతి చూపించాడు. ఎనిమిదో నెలలో మొదటిసారి వస్తే తేడా మూడు వారాల దాకా పోతుంది. అంతకన్నా దారుణం ఇంకొకటుంది. ఆలస్యంగా వచ్చినప్పుడు యంత్రం ఆ తల, ఆ పొట్ట, ఆ తొడ ఎముక కొలతల నుంచే వయసూ కడుతుంది, వాటి నుంచే బరువూ కడుతుంది. 38 వారాల ఎదగని బిడ్డని 34 వారాల బిడ్డ అంటుంది. ఆ వెంటనే, 34 వారాలకి బరువు సరిగ్గానే ఉందంటుంది. రిపోర్టులో ఎక్కడా తప్పు కనపడదు. తల్లి 'ఇంకా నెలన్నర టైముంది' అన్న మాట విని ఊరికి వెళ్లిపోతుంది.

దీనికి మందు ఖరీదైన యంత్రం కాదు. నెల తప్పిన రెండో నెలలోనో మూడో నెలలోనో ఒక్క స్కానింగ్ చేసి, ఆ తేదీని తల్లి కార్డు మీద పెన్నుతో రాసి, ఆ తర్వాత ఏ యంత్రం ఏం చెప్పినా దాన్ని మార్చకుండా ఉంచాలి. బస్తర్‌లో ఒక తల్లికి ఒక్క స్కానింగే దొరుకుతుందంటే, తొమ్మిదో నెల బరువు స్కానింగ్ కన్నా మూడో నెల వయసు స్కానింగ్ వెయ్యి రెట్లు మేలని నా అభిప్రాయం. వయసు కట్టే సూత్రాన్నీ మన తల్లుల కొలతలతో సరిదిద్దే పని దేశంలో జరుగుతోంది. హర్యానాలోని గురుగ్రామ్ సివిల్ ఆసుపత్రిలో 2015లో మొదలైన 'గర్భిణి' అధ్యయనం ఆధారంగా ఫరీదాబాద్ శాస్త్రజ్ఞులూ మద్రాసు ఐఐటీ వాళ్లూ 2024లో చివరి ఆరు నెలలకి పనికొచ్చే సూత్రం ఇచ్చారు.

తేదీ సరిగ్గా ఉన్నప్పుడు కూడా ఒక్క బరువుతో తీర్పు చెప్పకూడదు. ఎనిమిదో నెలలో బిడ్డ వారానికి సుమారు 200 గ్రాములు పెరుగుతుంది. అంచనాలోని తేడా మూడు నాలుగు వందల గ్రాములు. అంటే వారం తిరక్కుండా మళ్లీ స్కాన్ చేస్తే తెలిసేది పెరుగుదల కాదు, రెండు తప్పుల మధ్య తేడా. కనీసం రెండు వారాలు, వీలైతే మూడు వారాలు ఆగాలి. అప్పుడు బొడ్డుతాడులో రక్తప్రవాహం ఎలా ఉందో డాప్లర్ అనే స్కానింగ్ పద్ధతితో కూడా చూస్తే, సహజంగానే చిన్న బిడ్డా ఆకలితో చిక్కిన బిడ్డా వేరుపడతారు. సహజంగానే చిన్న బిడ్డకి ఏ వైద్యమూ అక్కర్లేదు.

మరి ఇంత తప్పొప్పుల అంకె వల్ల ఉపయోగం ఏమిటి? ఎక్కడ కనాలో ముందే నిర్ణయించుకోవచ్చు. పద్దెనిమిది వందల గ్రాములని అంచనా వచ్చిన బిడ్డకి అటూ ఇటూ రెండు మూడు వందలు కలిపినా తీసినా, వెచ్చగా ఉంచే యంత్రాలూ నవజాత శిశు విభాగమూ ఉన్న చోటే ఆ బిడ్డ పుట్టాలి. ఆ నిర్ణయానికి ఈ అంచనా చాలు. కుంట చుట్టుపక్కల వాళ్లకి ఆ చోటు చాలాసార్లు జగదల్‌పూర్ అవదు, భద్రాచలం అవుతుంది. సరిహద్దు దాటి వచ్చే ఛత్తీస్‌గఢ్ గర్భిణులు భద్రాచలం ఏరియా ఆసుపత్రికి కొత్తేమీ కాదు. కానీ దారిలో శబరి నది ఉంది. గోదావరి పొంగితే శబరి నీళ్లు వెనక్కి ఎగదన్నుతాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఈ దారులన్నీ మునిగాయి. జులై, ఆగస్టు నెలల్లో కాన్పు పడే తల్లికి బరువు, వారం రెండూ జూన్‌లోనే తెలియాలి. ఆంధ్రా ఏజెన్సీలో సాలూరు లాంటి చోట్ల నెలలు నిండకముందే తల్లిని తెచ్చి ఉంచుకునే గర్భిణుల వసతి గృహాలు పెట్టారు. అంచనా బరువు పనికొచ్చేది అలాంటి ఏర్పాటు ఉన్నప్పుడే.

అదే భద్రాచలం ఉన్న తెలంగాణలో ఇంకో కథ. 2019-21 సర్వేలో తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్లు, ఛత్తీస్‌గఢ్‌లో 15.2. తెలంగాణ అంకెకి కారణాలు చాలా ఉన్నాయి, ముహూర్తాలు కూడా అందులో ఒకటి. 'బిడ్డ పెద్దగా ఉంది' అన్న మాట కూడా ఆ కారణాల్లో చేరుతుంది. పెద్ద బిడ్డల దగ్గరే అంచనా ఎక్కువ గ్రాములు తప్పుతుంది. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం మధుమేహం లేని తల్లికి బరువు కారణంగా ఆపరేషన్ ఆలోచించమనేది అంచనా 5 కిలోలు దాటినప్పుడే. మూడున్నర కిలోలని చెప్పి తల్లిని భయపెట్టడానికి శాస్త్రంలో ఆధారం లేదు.

యంత్రాన్ని బ్యాగులో పెట్టుకుని ఊరూరికీ తీసుకెళ్లొచ్చుగా అని అడుగుతారు. ఆడపిల్ల అని తెలిస్తే తీయించేయడాన్ని ఆపడానికి 1994లో వచ్చిన చట్టం ప్రతి యంత్రాన్నీ రిజిస్టరు చేయమంటుంది, ప్రతి గర్భిణి స్కానింగ్‌కీ ఫారం నింపమంటుంది, చేతిలో పట్టే యంత్రాలు నమోదైన ఆసుపత్రి బయట సంచార వైద్య వాహనాల్లో తప్ప తిరగకూడదంటుంది. 2011 జనగణనలో బస్తర్ జిల్లాలో వెయ్యి మంది మగవాళ్లకి వెయ్యికి పైగానే ఆడవాళ్లున్నారు. ఈ నేరం చేయని సమాజం కూడా ఈ చట్టం వల్ల దూరాలు నడుస్తోంది. అయినా చట్టాన్ని సడలించమని నేను అనను. రోడ్డుతో పాటు పట్నం పాడు అలవాట్లూ వస్తాయి. సంచార వాహనానికి చట్టం ఇచ్చిన సందుని పూర్తిగా వాడాలి. నెలనెలా 9వ తేదీన డాక్టరు ఉచితంగా గర్భిణుల్ని చూసే కేంద్ర కార్యక్రమం 2016 నుంచి ఉంది. ఆ తేదీకి ఊరి ఆరోగ్య కార్యకర్త మితానిన్, తల్లిని మూడో నెలలోనే తీసుకురాగలిగితే సగం పని అయినట్టే. మితానిన్‌లు ఛత్తీస్‌గఢ్‌లో 2002 నుంచి ఉన్నారు, దేశంలో ఆశా కార్యకర్తలు రాకముందు నుంచే.

యంత్రం అందని చోట టేపు ఉంది. కటి ఎముక నుంచి గర్భసంచి పైఅంచు దాకా కొలిచిన సెంటీమీటర్లు ఇరవై వారాల తర్వాత దాదాపు వారాలతో సమానం. ఆ కొలత 30 వచ్చి, తల ఇంకా కిందికి దిగకపోతే, జాన్సన్ పద్ధతిలో 13 తీసేసి మిగిలిన 17ని 155తో హెచ్చించాలి: 2635 గ్రాములు. 1998లో ఇజ్రాయెల్ డాక్టర్లు చేసిన పోలికలో నొప్పుల వేళ అనుభవం ఉన్న చేతులు చెప్పిన బరువు, వారం ముందు స్కానింగ్ చెప్పిన బరువంత నికరంగానే ఉంది. రెండున్నర కిలోల లోపు పిల్లల దగ్గర మాత్రం స్కానింగే గెలిచింది. బస్తర్‌కి కావలసింది సరిగ్గా ఆ పిల్లల గురించే కాబట్టి టేపుతో వల వేసి, అనుమానం ఉన్నవాళ్లని స్కానింగ్‌కి పంపడం సబబు. పక్కనే ఉన్న గడ్చిరోలిలో రాణి బంగ్, అభయ్ బంగ్ దంపతుల 'సెర్చ్' సంస్థ ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, పుట్టిన బిడ్డని ఇంట్లోనే తూచి, వెచ్చగా ఉంచి, జబ్బు గుర్తించి చూసుకునేలా చేసింది. నవజాత మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో 'లాన్సెట్'లో ప్రచురించారు. అక్కడ పనిచేసింది పుట్టాక తూచిన బరువే, ముందు కట్టిన అంచనా కాదు.

కృత్రిమ మేధ కొత్తగా వచ్చింది. పొట్ట మీద ప్రోబుని ముందే చెప్పిన గీతల వెంట అటూ ఇటూ జరిపితే చాలు, బొమ్మని అర్థం చేసుకునే పని కంప్యూటరు చేస్తుంది. జాంబియా, అమెరికా తల్లులతో 2022లో వచ్చిన ఫలితాల్లో నిపుణులు కట్టినంత నికరంగా వయసు చెప్పింది. నర్సు చేతికి ఈ పని రావడం పెద్ద మలుపే. అయితే కంప్యూటరు నేర్చుకున్నది ఎవరి పిల్లల్ని చూసి అన్న ప్రశ్న దానికీ వర్తిస్తుంది.

బస్తర్‌కి సొంత పట్టీ తయారుచేయడానికి కంప్యూటరు కూడా అక్కర్లేదు. కాన్పుకి ముందు వారం రోజుల్లో స్కానింగ్ అయిన ప్రతి తల్లికీ రెండు అంకెలు పక్కపక్కన రాస్తే చాలు: అంచనా బరువు, పుట్టిన గంటలో తూచిన బరువు. కొన్ని వందల కాన్పులు చేరేసరికి సూత్రం ఇక్కడి పిల్లల్ని ఎటువైపు, ఎంత తప్పుగా చూపుతోందో తేలుతుంది. ఆ తేడాని కలిపో తీసేసో చదువుకోవచ్చు. మామూలుగా ఆసుపత్రుల్లో మొదటి అంకె స్కానింగ్ గది రిజిస్టరులో ఉంటుంది, రెండోది కాన్పు గది రిజిస్టరులో. కాన్పు గది రిజిస్టరులో ఒక గడి ఎక్కువ గీయాలి, తల్లి కార్డు చూసి నర్సు అందులో ఆ మొదటి అంకె ఎక్కించాలి.